పేరు వారిది, గల్లా మనది: ఇల్లినాయ్ గంజాయి దుకాణాల్లో వాటాలున్న తెలుగు వ్యాపారులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన వ్యాపార మిత్రులకు,

నమస్కారాలు.

నేను షికాగో శివారు ఆరోరాలో ఇరవై రెండేళ్లుగా ఉంటున్నాను. చిన్న వ్యాపారాల పద్దులు, పన్నులు చూడడం నా వృత్తి. మీలో కొందరు నన్ను ఉగాది సభల్లో చూసి ఉంటారు. కొందరి గ్యాస్ స్టేషన్ల లెక్కలు, మోటెళ్ల లెక్కలు నా చేతి మీదుగా వెళ్ళాయి. 2020 జనవరి 1న ఈ రాష్ట్రంలో ఇరవై ఒక్క ఏళ్లు నిండినవారికి గంజాయి అమ్మడం చట్టబద్ధమైంది. మొదటి రోజే అమ్మకాలు దాదాపు 32 లక్షల డాలర్లకు చేరాయి. అది చూసి, చేతిలో నాలుగు డబ్బులున్న మనవారు ఈ రంగం వైపు తిరగడం సహజమే. దాన్ని నేను తప్పు పట్టడం లేదు. మీలో కొందరు ఈ వ్యాపారంలోకి ఏ తలుపు గుండా వచ్చారో, ఆ తలుపును ఎవరి కోసం తెరిచారో గుర్తు చేయడానికే ఈ లేఖ. ఇదే సంగతి ఒకరిద్దరికి ఫోనులో చెప్పి చూశాను. "చూద్దాం అన్నా" అన్న మాట దగ్గరే అది ఆగిపోయింది కనుక ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాను.

గత అక్టోబరులో ఒక శనివారం షికాగో పడమటి వైపున ఒక చర్చి హాలులో, పాత గంజాయి కేసుల రికార్డులు చెరిపించుకోవాలనుకునేవారి కోసం ఉచిత సహాయ శిబిరం జరిగింది. ఇలాంటి శిబిరాల్లో లాయర్లు ఒక వైపు కూర్చుంటారు, ఫారాలు నింపడంలో సాయపడే నాలాంటివారు మరో వైపు కూర్చుంటారు. ఆ రోజు నా బల్ల దగ్గరికి యాభై ఆరేళ్ల నల్లజాతి మనిషి ఒకరు వచ్చారు. ప్లాస్టిక్ కవరులోంచి నాలుగు మడతల కాగితం ఒకటి తీసి, చిరిగిపోతుందేమోనన్న భయంతో మెల్లగా విప్పారు. మడతలు అరిగి, వాటి మీద అంటించిన టేపు కూడా పసుపు రంగుకు తిరిగింది. 1998 నాటి కోర్టు కాగితం అది. ముప్పై గ్రాములకు కాస్త మించిన గంజాయి దొరికినందుకు పెట్టిన కేసు. జైలు శిక్ష పడలేదు, ప్రొబేషన్‌తో సరిపోయింది, కానీ తీవ్ర నేరం కిందనే నమోదైంది. ఆ తరువాత స్కూలు బస్సు నడిపే ఉద్యోగం పోయిందని, అద్దె ఇంటికి దరఖాస్తు పెట్టిన ప్రతిసారీ ఆ కాగితమే ఎదురొచ్చిందని ఆయన చెప్పారు. గొంతు పెంచకుండా, వాతావరణం గురించి చెబుతున్నట్టు చెప్పారు.

ఫారం పని పూర్తయ్యాక కూడా ఆయన లేవలేదు. అదే కవరులోంచి మరో కాగితాల కట్ట తీసి, "మీరు లెక్కల మనిషట కదా, ఇది కూడా ఒకసారి చూడండి" అన్నారు. పదకొండు పేజీల ఒప్పందం. ఒక డిస్పెన్సరీ (లైసెన్సుతో గంజాయి అమ్మే దుకాణం) లైసెన్సులో ఆయనకు 51 శాతం వాటా ఉందని మొదటి పేజీ చెబుతోంది. నాలుగో పేజీకి వచ్చేసరికి బ్యాంకు ఖాతా మీద సంతకం చేసే అధికారం ఆయనకు లేదు. ఆరో పేజీలో దుకాణం నిర్వహణ మొత్తాన్ని మరో కంపెనీకి అప్పగించారు. ఆ కంపెనీ తన రుసుము తీసుకున్న తరువాత మిగిలితేనే లాభం. తొమ్మిదో పేజీ ప్రకారం, ఆయన వాటాను ముందే రాసుకున్న ధరకు తమకు వీలైనప్పుడు కొనేసుకునే హక్కు రెండో పక్షానిది. ఇవన్నీ పోగా ఆయన చేతికి అందేది నెలకు ఇంత అని ఒక స్థిరమైన మొత్తం, అది కూడా దుకాణంలో కౌంటరు దగ్గర నిలబడే ఉద్యోగి జీతం కంటే తక్కువ. చివరి పేజీలో సంతకాలున్నాయి. వాటిలో రెండు పేర్లు చదవడానికి నాకు ఏ ఇబ్బందీ కలగలేదు. మన ఇంటిపేర్లు. ఆయన నా ముఖం వైపే చూస్తున్నారు. తలెత్తడానికి నాకు కొంతసేపు పట్టింది.

ఆ ఇద్దరి పేర్లు ఈ లేఖలో రాయను, ఎక్కడా చెప్పను. అలాంటి ఒప్పందం అదొక్కటే కాదని పద్దులు చూసే వృత్తిలో ఉన్న నాకు తెలుసు. మనవారు మాత్రమే చేస్తున్న పని కాదనీ తెలుసు. కానీ ఈ రకం ఏర్పాటుకు పేరు వెతుక్కోవలసిన అవసరం మనకు లేదు. బినామీ అంటాం. తెలంగాణలో 2021లో మద్యం దుకాణాల్లో గౌడ కులస్థులకు 15 శాతం, ఎస్సీలకు 10 శాతం, ఎస్టీలకు 5 శాతం కేటాయించారు. ఆంధ్రప్రదేశ్‌లో 2025లో గీత కులాలకు 340 దుకాణాలు కేటాయించారు. లాటరీలో ఎవరి పేరు తగిలిందో పేపర్లో వస్తుంది. దుకాణం తెరిచాక గల్లాపెట్టె ముందు ఎవరు కూర్చుంటారు, రాత్రికి లెక్క ఎవరికి అప్పజెబుతారు అన్నది ఊళ్ళో ఆరా తీసే ప్రశ్న. తాటిచెట్టు ఎక్కి పడి నడుము విరిగినవాడి పేరు మీద వచ్చిన లైసెన్సు ఎవరి ఇంట్లో ఉంటోందని అక్కడ అడిగే మనం, ఇక్కడ అదే ప్రశ్న మన వైపు తిరిగినప్పుడు దాన్ని "బిజినెస్ స్ట్రక్చర్" అంటున్నాం.

2019 జూన్ 25న గవర్నర్ ప్రిట్జ్‌కర్ సంతకం చేసిన చట్టం కొత్త లైసెన్సుల్లో "సోషల్ ఈక్విటీ" దరఖాస్తుదారులకు ప్రాధాన్యం ఇచ్చింది. గంజాయి కేసుల దెబ్బ బాగా తగిలిన ప్రాంతాల్లో గత పదేళ్లలో ఐదేళ్లు నివసించినవారికి గాని, చెరిపివేతకు అర్హమైన గంజాయి నేరంలో తామో తమ దగ్గరి కుటుంబ సభ్యులో పట్టుబడినవారికి గాని 51 శాతం యాజమాన్యం ఉండాలని నిబంధన పెట్టింది. ఇంకో దారి కూడా ఉంచింది. యజమాని ఎవరైనా సరే, కనీసం పది మంది పూర్తికాలపు ఉద్యోగులుండి, వారిలో 51 శాతం మంది అలాంటి నేపథ్యం ఉన్నవారైతే చాలు, అతనూ ఈక్విటీ దరఖాస్తుదారే. ఈ రెండో దారిని ఇక్కడి విమర్శకులు "బానిస యజమాని నిబంధన" అన్నారు. మాట కటువుగా ఉందని మనవారిలో ఒకరు నొచ్చుకున్నారు. నాకు మాత్రం అంతకంటే సరైన మాట తోచలేదు. 2021 సవరణల తరువాత జరిపిన ఒక లాటరీలో ఆ దారిని మూసేశారు కూడా.

ఆ ప్రాధాన్యం దానంగా ఇచ్చింది కాదు. 1970లో ఫెడరల్ చట్టం గంజాయిని హెరాయిన్‌తో పాటు ఒకటో షెడ్యూలులో, అంటే అన్నిటికంటే కఠినంగా నిషేధించిన మాదకద్రవ్యాల జాబితాలో పెట్టింది. మరుసటి ఏడాది అధ్యక్షుడు నిక్సన్ మాదకద్రవ్యాల వాడకాన్ని దేశానికి మొదటి శత్రువుగా ప్రకటించారు. అక్కడి నుంచి నాలుగు దశాబ్దాల్లో చివరిదైన 2001 నుంచి 2010 వరకే ఈ దేశంలో గంజాయి అరెస్టులు 80 లక్షలు దాటాయి. వాటిలో 88 శాతం కేవలం దగ్గర ఉంచుకున్నందుకు పెట్టినవి. నల్లవారు, తెల్లవారు దాదాపు ఒకే స్థాయిలో వాడుతున్నా, నల్లవారు అరెస్టయ్యే అవకాశం 3.73 రెట్లు ఎక్కువని అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013లో లెక్క తేల్చింది. అరెస్టుతో అయిపోతే ఒక తీరు. 1998లో తెచ్చిన సవరణతో మాదకద్రవ్యాల నేరం రుజువైన విద్యార్థులకు ఫెడరల్ ఆర్థిక సహాయం ఆపేశారు. ఆ నిబంధనను పూర్తిగా తీసేయాలని కాంగ్రెస్ నిర్ణయించేసరికి 2020 డిసెంబరు వచ్చింది. కాలిఫోర్నియాలోని ఓక్‌లాండ్‌లో, మనవళ్లు పార్కింగ్ స్థలంలో గంజాయి తాగుతూ పట్టుబడ్డారన్న కారణంతో ప్రభుత్వ గృహాల్లో ఉంటున్న వృద్ధులను ఖాళీ చేయమన్నారు. ఆ సంగతి తమకు తెలియదని వారు కోర్టుకెక్కితే, తెలిసినా తెలియకపోయినా ఖాళీ చేయించవచ్చని 2002లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మనవడు బయట పార్కింగులో చేసిన పనికి అమ్మమ్మ ఇల్లు పోగొట్టుకోవచ్చని చట్టమే అనడం ఎలాంటిదో, మనవలను పెంచి పెద్ద చేసిన అమ్మమ్మలున్న మనకు వేరే చెప్పనక్కర్లేదు.

అదే ఓక్‌లాండ్ 2017లో, గంజాయి కేసుల వల్ల నష్టపోయినవారికి వ్యాపార అనుమతుల్లో ప్రాధాన్యం ఇచ్చే పథకాన్ని దేశంలో అందరికంటే ముందు తెచ్చింది. ఈక్విటీ దరఖాస్తుదారుకు మూడేళ్ల పాటు వెయ్యి చదరపు అడుగుల స్థలం అద్దె లేకుండా ఇస్తే, ఇచ్చిన కంపెనీ దరఖాస్తును ముందుగా పరిశీలిస్తామంది. ఆలోచన మంచిదే. కానీ స్థలం ఇచ్చామన్న కాగితం ఒకరికి అనుమతి తెచ్చిపెట్టడం, అవతలివాడు ఆ స్థలంలో నిలదొక్కుకోవడం వేర్వేరు సంగతులని కూడా ఆ ఊరి అనుభవమే తేల్చింది.

ఇల్లినాయ్‌లో ఈక్విటీ దరఖాస్తుదారు మీ వంటివారి దగ్గరికి ఎందుకు రావలసి వచ్చిందో కూడా చెప్పాలి, లేకపోతే మీ పట్ల అన్యాయం చేసినవాడినవుతాను. మొదటి 75 లైసెన్సులు 2020 మే నాటికే ఇవ్వవలసి ఉంది. దరఖాస్తులకు మార్కులు వేస్తే, ఆ సెప్టెంబరులో పూర్తి మార్కులు వచ్చినవారు 21 మందేనని తేలడంతో గొడవ మొదలైంది, దావాలు పడ్డాయి. 2021లో చట్టం సవరించి లాటరీలు తీసి 185 లైసెన్సులకు పేర్లు తేల్చారు. కోర్టు నిలుపుదల తొలగి షరతులతో కూడిన లైసెన్సులు చేతికి వచ్చేసరికి 2022 జులై అయింది. ఈ రెండేళ్లూ అప్పటికే మెడికల్ లైసెన్సులున్న (వైద్యం కోసం గంజాయి అమ్మే) కంపెనీలు అమ్మకాలు సాగిస్తూనే ఉన్నాయి. 2021 మొదటి మూడు నెలల్లో ఈ రాష్ట్రానికి గంజాయి పన్ను మద్యం పన్నును మించి వచ్చింది. ఈక్విటీ దరఖాస్తుదారు మాత్రం ఒక్క గ్రాము అమ్మకుండానే లాయర్లకు, ఆర్కిటెక్టులకు, స్థలం అడ్వాన్సులకు కట్టుకుంటూ వచ్చాడు. ఫెడరల్ చట్టానికి భయపడి చాలా బ్యాంకులు అప్పు ఇవ్వవు. అలాంటి సమయంలో మీరు డబ్బు పెట్టారు. ఆ డబ్బు లేకపోతే కొన్ని దుకాణాలు తెరిచేవే కావు. అది నిజం. పెట్టుబడికి ప్రతిఫలం అడగడం మీ హక్కు. ఆపదలో ఉన్నవాడి సంతకం విలువ ఎంతకు పడిపోతుందో చూసి ఆ ధర కట్టడం మాత్రం వేరే సంగతి.

ఈ వ్యాపారంలో లాభాలు బయటివారు అనుకున్నంత ఉండవని కూడా నాకు తెలుసు. మాదకద్రవ్యాల వ్యాపారి ఒకరు 1981లో తన ఖర్చులకు పన్ను కోర్టులో మినహాయింపు సాధించుకుంటే, దానికి జవాబుగా 1982లో కాంగ్రెస్ చేర్చిన 280ఈ సెక్షన్ ఇన్నేళ్లుగా లైసెన్సు ఉన్న దుకాణాల మెడకు చుట్టుకుంది. వంద డాలర్ల సరుకు అమ్మారనుకుందాం. కొనుగోలు ఖర్చు 60. అద్దె, జీతాలు, కాపలా, కరెంటు అన్నీ కలిపి 35. చేతిలో మిగిలింది 5. మరే వ్యాపారమైనా ఆ 5 మీదే పన్ను కడుతుంది. ఈ సెక్షన్ కింద అద్దె, జీతాలు ఖర్చుగా చూపించనివ్వరు కాబట్టి 40 మీద 21 శాతం, అంటే 8 డాలర్ల 40 సెంట్లు ఫెడరల్ పన్ను పడుతుంది. సంపాదించింది ఐదు, కట్టేది దాదాపు ఎనిమిదిన్నర. పెద్ద కంపెనీలు అప్పులతో, వాటాల అమ్మకంతో దీన్ని ఈదుకొస్తాయి. ఒకే ఒక్క దుకాణం ఉన్న ఈక్విటీ యజమాని ఇందులోనే మునుగుతాడు. ఆ సెక్షన్ మీద వాషింగ్టన్‌లో లాబీ చేయడానికి చందాలు అడిగితే మీరు వెంటనే ఇస్తారు. అదే ఉత్సాహంతో చేయవలసిన పనులు మరికొన్ని ఉన్నాయి.

అన్నిటికంటే ముందు, ఆ ఒప్పందాలను తెరవండి. 51 శాతం రాసిన చోట 51 శాతం ఓటు, పద్దులు చూసే హక్కు, బ్యాంకు ఖాతా మీద సంతకం ఉండాలి. నిర్వహణ రుసుము మార్కెట్ ధరను మించకూడదు. ముందే కట్టిన ధరకు వాటా కొనేసే షరతును తీసేసి, అమ్మే రోజున బయటి వాల్యుయర్ కట్టిన ధర పెట్టండి. మీరిచ్చిన అప్పుకు వడ్డీ తీసుకోండి, దానికి కాలపరిమితి రాయండి. అప్పు తీరినా తీరకపోయినా మనిషి వాటా మీ చేతిలోనే ఉండే ఏర్పాటు మాత్రం వద్దు. మీ భాగస్వామి తన సొంత లాయరుతో చదివించుకోవడానికయ్యే ఖర్చు కూడా మీరే పెట్టుకుంటే, ఆ మొత్తం మీ దుకాణం ప్రారంభోత్సవానికి పెట్టిన ఖర్చు కంటే తక్కువే ఉంటుంది. ఇందులో ఏ ఒక్కదానికీ చట్టం మారనక్కర్లేదు. కలం తీస్తే చాలు.

తరువాతది రికార్డుల పని. 2020 డిసెంబరు 31 నాటికి ఈ రాష్ట్రం సుమారు ఐదు లక్షల అరెస్టు రికార్డులను చెరిపి, తొమ్మిది వేలకు పైగా చిన్న నేరాలకు క్షమాభిక్ష ప్రకటించింది. అది చిన్న పనేమీ కాదు. కానీ శిక్ష పడిన కేసుల్లో 30 గ్రాములు దాటి 500 గ్రాముల వరకు ఉన్నవి వాటంతట అవి పోవు. మనిషే కోర్టులో పిటిషను వేసుకోవాలి. చర్చి హాలులో నా ఎదుట కూర్చున్న ఆయన కేసు సరిగ్గా ఆ గీతకు అవతల ఉంది. రాష్ట్ర నిధులతో నడిచే న్యూ లీఫ్ ఇల్లినాయ్ న్యాయ సహాయ సంస్థల ద్వారా ఈ పిటిషన్లను ఉచితంగా వేయిస్తుంది. ఆ సంగతి తెలియనివారు ఇంకా ఎందరో ఉన్నారు. రోజంతా మనుషులు వచ్చిపోయే మీ దుకాణాల్లో, కౌంటరు పక్కన, డిస్కౌంటు బోర్డు పెట్టే చోటే ఆ సమాచారం పెట్టండి. సెలవు పెట్టి కోర్టుకు రాలేని రోజుకూలీకి ఆ రోజు కూలీ ఇచ్చి పంపండి. బిల్లు మొత్తాన్ని పై డాలరుకు సర్ది, ఆ చిల్లర ఇంకా జైళ్లలో ఉన్న గంజాయి ఖైదీల కోసం పనిచేసే లాస్ట్ ప్రిజనర్ ప్రాజెక్ట్‌కు పంపే దుకాణాలు ఈ దేశంలో ఉన్నాయి. చిల్లర కొనుగోలుదారుది, పేరు దుకాణానిది అన్న మాట రాకుండా ఉండాలంటే అంతే మొత్తం మీ వైపు నుంచీ కలపండి.

ఉద్యోగాల విషయంలో ఒక్క మాట చాలు. కౌంటరు దగ్గర నిలబెట్టడానికి నల్లవారిని తీసుకుంటున్నారు; మేనేజరు కుర్చీలో, సరుకు కొనే కుర్చీలో ఎవరున్నారో మీరే ఒకసారి చూసుకోండి.

రాష్ట్రానికి వచ్చే గంజాయి పన్నుల్లో పాలనా ఖర్చులు పోగా మిగిలినదానిలో 25 శాతం ఆర్3 అనే కార్యక్రమం ద్వారా, హింసతో, జైళ్లతో చితికిపోయిన ప్రాంతాలకు వెళ్తుంది. పన్నులు తగ్గించాలని మీ సంఘాలు రాష్ట్ర రాజధాని స్ప్రింగ్‌ఫీల్డ్‌కు వెళ్ళినప్పుడు, ఆ 25 శాతాన్ని ముట్టుకోవద్దని కూడా అదే వినతిపత్రంలో రాయండి. మనకు గంట దూరంలో ఉన్న ఎవాన్‌స్టన్ పట్టణం ఇంకో అడుగు ముందుకు వేసింది. ఇళ్ల విషయంలో జరిగిన వివక్షకు పరిహారంగా, 1919 నుంచి 1969 మధ్య అక్కడ నివసించిన నల్లజాతివారికి, వారి సంతానానికి 25,000 డాలర్ల చొప్పున ఇవ్వాలని నిర్ణయించి, ఆ నిధికి గంజాయి అమ్మకాల మీద 3 శాతం పట్టణ పన్నును మళ్ళించింది. అనుకున్నంత వేగంగా గంజాయి పన్ను రాకపోతే ఆస్తుల బదిలీ పన్నును కూడా జతచేసింది. ఒక పట్టణం ఈ డబ్బును ఇలా తలచుకున్నప్పుడు, దుకాణం యజమాని తలచుకోలేడా?

ఇందులో మనకేం పట్టింది, ఇది నల్లవారి గొడవ కదా అని మీలో ఒకరు నన్ను అడిగారు. ఈ చట్టాల దెబ్బ మన గుమ్మం దాకా రానే వచ్చింది. వలస వచ్చినవారి విషయంలో ఫెడరల్ చట్టానిదే చివరి మాట. సొంత వాడకానికి 30 గ్రాములలోపు గంజాయితో ఒక్కసారి దొరికిన కేసును మినహాయిస్తే, గంజాయి నేరం రుజువైన గ్రీన్ కార్డుదారును సైతం దేశం నుంచి పంపేయడానికి వీలుంది. రాష్ట్రం రికార్డు చెరిపేసినా ఇమ్మిగ్రేషన్ దృష్టిలో అది సాధారణంగా చెరిగినట్టు కాదు. రాష్ట్ర చట్టం ప్రకారం నడిచే గంజాయి దుకాణంలో ఉద్యోగం చేసినా పౌరసత్వానికి కావలసిన సత్ప్రవర్తన నిబంధనకు అడ్డు రావచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమ్మిగ్రేషన్ శాఖ స్పష్టంగా ప్రకటించింది. కాబట్టి మీ దుకాణంలో వారాంతంలో పని ఇప్పిస్తామని మాస్టర్స్ చదవడానికి వచ్చిన మన పిల్లలకు దయచేసి చెప్పకండి. తెలిసినవారబ్బాయి కదా అని చేసిన సాయం వాడి జీవితాన్నే తలకిందులు చేయగలదు. మీ సంఘం తరఫున ఒక ఇమ్మిగ్రేషన్ లాయరును పెట్టి, ఇలాంటి కేసుల్లో ఇరుక్కున్న ఏ దేశంవారికైనా మొదటి సలహా ఉచితంగా అందేలా చూడగలిగితే అది కూడా ఈ దిద్దుబాటులో భాగమే. మసాచుసెట్స్‌లో గంజాయి నియంత్రణ కమిషన్ సభ్యురాలిగా 2017 నుంచి 2020 వరకు పనిచేసి, నష్టపోయినవారికి ఈ వ్యాపారంలో నిజమైన వాటా దక్కాలని పోరాడిన శాలీన్ టైటిల్ భారతీయ మూలాలున్న న్యాయవాది. మనవారి పేరు ఈ చరిత్రలో ఆ పక్కన కూడా ఉందని చెప్పడానికే ఆమెను ఇక్కడ తలచుకున్నాను.

మార్చి నెల రెండో శనివారం మళ్ళీ శిబిరం ఉంది. ఈసారి చర్చి హాలు చాలదంటున్నారు. పడమటి వైపు దుకాణం ఉన్నవారు ఎవరైనా ఆ ఒక్క రోజుకు తమ పార్కింగ్ స్థలం, కరెంటు కనెక్షను ఇవ్వాలని కోరుతున్నాను. బల్లలు, కుర్చీలు మేము తెచ్చుకుంటాం. ఒప్పందాలు తిరగరాయడానికి ముందుకు వచ్చేవారికి లెక్కల వైపు పని నేను రుసుము లేకుండా చేసి పెడతాను. ఆ పదకొండు పేజీల మీద సంతకం చేసిన ఇద్దరికీ కూడా ఈ మాట వర్తిస్తుంది. ఆయన ఆ రోజు కూడా వస్తానన్నారు. తన పిటిషను తేదీ ఖరారైందో లేదో కనుక్కోవడానికి.

ఇట్లు,
పద్దులు రాసే వృత్తిలో ఉన్న మీ తెలుగువాడు,
ఆరోరా, ఇల్లినాయ్